పైపు పెట్టాక ఇన్ఫెక్షన్ లెక్కపెడతారు, నొప్పి ఎవరు లెక్కపెడతారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఆరోగ్యం పేజీలో యూరిన్ కాథెటర్ల గురించి, అదే బ్లాడర్‌లోకి వేసే పైపుల గురించి వేసిన ఆర్టికల్ పూర్తిగా చదివాను. బాగానే రాశారు, చేతులు కడుక్కోవాలి, బ్యాగు ఎప్పుడూ కిందే ఉండాలి, అక్కర్లేకపోతే పైపు తొందరగా తీయించేయాలి, ఇన్ఫెక్షన్ వస్తే చలిజ్వరం ఎలా ఉంటుంది, అన్నీ ఉన్నాయి. కానీ మొదట్నుంచి చివరిదాకా వెతికినా నొప్పి అన్న మాట ఒక్కసారి కూడా కనపడలేదండీ. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతుంది, చోటు లేకపోతే కత్తిరించుకోండి, నొప్పి గురించి రాసింది మాత్రం ఉంచండి.

మా నాన్నగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. థియేటర్ లోంచి బయటికి తెచ్చేసరికి మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు, కళ్లు సరిగ్గా తెరవలేకపోతున్నారు, అయినా ఒకటే మాట, "అమ్మా ఒకటికొస్తోంది, లేపు, పక్క తడిసిపోతుంది" అని. సిస్టర్ వచ్చి "పైపు ఉంది తాతగారూ, దాంట్లోంచే పోతుంది, మీరు లేవక్కర్లేదు" అంది. రెండు నిమిషాలు ఊరుకున్నారు, మళ్లీ అదే. ఆ మత్తులోనే లేవబోయారు కూడా, నేనూ తమ్ముడూ చెరో భుజం పట్టుకుని పడుకోబెట్టాం, పక్క బెడ్డు వాళ్ల అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. బ్యాగులోకి చూస్తే ఎర్రెర్రగా బాగానే దిగుతోంది, అంటే లోపల బ్లాడర్ నిండింది ఏమీ లేదు, మరి ఈయనకి ఎందుకిలా అనిపిస్తోంది అని అడిగితే "అందరికీ అంతేనమ్మా, అలవాటైపోతుంది" అన్నారు. ఆ అలవాటైపోతుంది అన్న మాట తర్వాతి మూడు వారాల్లో ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు.

దీనికి డాక్టర్ల భాషలో ఒక పేరే ఉందని నాకు చాలా తర్వాత తెలిసింది, కాథెటర్ రిలేటెడ్ బ్లాడర్ డిస్‌కంఫర్ట్ అంటారట. ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో ఉండగా పైపు పెట్టించుకున్నవాళ్లలో, ఎవరు లెక్కేశారు అన్నదాన్ని బట్టి, సుమారు సగం మంది నుంచి పదిమందిలో తొమ్మిది మంది దాకా లేవగానే ఇదే బాధ పడతారు. సంగతేంటంటే బ్లాడర్ అడుగు భాగంలో, మూత్రనాళం మొదలయ్యే చోట, ముక్కోణంలాంటి ఒక ప్రదేశం ఉంటుంది, శరీరంలో ఒకటికి వెళ్లాలన్న కబురు పుట్టేది ఎక్కువగా అక్కడే. సరిగ్గా అక్కడే మనం నీళ్లు నింపిన బెలూన్ని కూర్చోబెడతాం, పైపు బయటికి జారిపోకుండా. బ్లాడర్ కండరానికి ఆ బెలూను ఏంటో తెలియదు కదా పాపం, ఏదో ఒత్తుతోంది, బయటికి తోసేయాలి అనుకుని బిగుసుకుంటుంది, వదుల్తుంది, మళ్లీ బిగుసుకుంటుంది. ఆ బిగుసుకునే పని అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఆ కండరం మీదుండే మస్కరినిక్ రిసెప్టార్లు అనే గ్రాహకాలకి తగిలి చేయిస్తుంది. అంటే పేషెంటుకి వచ్చేది ఉత్త భ్రమ ఏమీ కాదు, నిజంగానే లోపల కండరం పిండేస్తుంటే ఆయన ఒకటికొస్తోంది అంటున్నారు. మనం పైపు ఉందిగా అంటున్నాం.

ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత పైపు మామూలు కంటే లావుది వేస్తారు, రక్తం గడ్డలు అడ్డుపడకుండా సెలైన్‌తో లోపల కడుగుతూ ఉండాలి కాబట్టి. ఈ సైజుల సంగతి కూడా చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో సర్జరీ సామాన్లు తయారుచేసే షారియేర్ అనే ఆయన పెట్టిన కొలత ఇది, మూడు నంబర్లు కలిస్తే ఒక మిల్లీమీటరు. 16 నంబరు పైపు అంటే 5.3 మిల్లీమీటర్ల మందం, 22 నంబరు అంటే ఏడు మిల్లీమీటర్ల పైన. మగవాళ్ల మూత్రనాళం సుమారు 18 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది, దాని పొడుగునా ఇది రాసుకుంటూ ఉంటుంది, ఆడవాళ్లకైతే నాలుగు సెంటీమీటర్లే గానీ బెలూను బాధ వాళ్లకీ తప్పదు.

నాన్నగారు నాతో ఆ నొప్పి ఎక్కడో చెప్పలేదండీ, కూతురితో ఎలా చెప్తారు. పైపు కదిలినప్పుడల్లా మంచం పక్కనున్న రాడ్డు పట్టుకునేవారు, వేళ్లు తెల్లబడేంత గట్టిగా, నేను చూస్తే వదిలేసి దుప్పటి సర్దుకునేవారు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ గారు అడిగితే "బానే ఉంది సార్" అనేవారు. డాక్టర్ గారికి మాత్రం ఏం తెలుస్తుంది. కేస్ షీట్‌లో టెంపరేచర్ రాస్తారు, బీపీ రాస్తారు, బ్యాగులో ఎన్ని ఎంఎల్ వచ్చిందో గంట గంటకీ రాస్తారు, రాత్రిపూట ఫోన్ టార్చి వేసి ఆ బ్యాగు మీద గీతలు చదివి సిస్టర్‌కి చెప్పింది నేనే. నొప్పి ఎంత అని రాసే గడి ఉందో లేదో, ఉంటే ఆ మూడు వారాల్లో ఎవరూ నింపగా నేను చూడలేదు.

తర్వాత ఒకరోజు డ్యూటీ డాక్టరమ్మ గమనించి ఆ కండరం పట్టేయకుండా మాత్ర రాసింది. మంచి అమ్మాయి, తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందరూ ఇచ్చే మందే అది, ఆక్సీబ్యుటినిన్, టాల్టెరోడిన్, సాలిఫెనసిన్ అని ఆ కుటుంబంలో చాలానే ఉన్నాయి. ఒకటిన్నర రోజుకి పోటు తగ్గింది. కానీ నోరు ఎండిపోయి నాలుక అంగిట్లో అతుక్కుపోయేది, మాట ముద్దముద్దగా వచ్చేది, రెండు రోజులు మోషన్ లేదు, మోషన్ బిగుసుకుంటే అది వెనక నుంచి బ్లాడర్ని ఒత్తి మళ్లీ పైపు బాధ పెంచుతుంది, చూడండి ఎలా ఉందో తమాషా. మూడో రాత్రి లేచి కూర్చుని "బస్సు టైమయింది, చెప్పులేవి" అని అడిగారు. నన్ను మా పెద్దత్త పేరుతో పిలిచారు. పెద్దవాళ్లలో ఈ రకం మందులకి మతి తికమక కావడం ఉందట, పొద్దున్నే ఆపేశారు, ఒకరోజుకి మామూలు మనిషి అయ్యారు. పోటు కూడా మామూలుగానే తిరిగొచ్చింది.

నా గొడవంతా ఇక్కడే ఉంది సార్. బాధ ఉన్నది ఎంత, బొటనవేలంత జాగా. మందు వేసింది నోట్లో. అది కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, మెదడుకి పోయి, లాలాజలం ఊరే గ్రంథులకి పోయి, పేగులకి పోయి, ఇంటింటికీ తలుపు కొట్టి చివరికి బ్లాడర్‌కి చేరింది. పైపు మాత్రం రాత్రీ పగలూ ఆ బాధ ఉన్నచోటే కూర్చుని ఉంది, ఊరికే. ఆ పైపుకే మందు పూసి పంపితే ఏం పోయింది అని ఎవరికైనా అనిపిస్తుంది కదా. నాకు అనిపించినప్పుడు ఇది నా సొంత తెలివి అనుకున్నాను, చదివితే తెలిసింది దీని మీద ఎన్నో ఏళ్లుగా పని జరుగుతోందని.

మందు వదిలే పరికరం అన్నది కొత్త మాటేం కాదు. గుండెకి వేసే స్టెంట్లలో మందు పూసినవి 2002లో యూరప్‌లో, 2003లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నాయి, ఇప్పుడు అవే మామూలైపోయాయి. గర్భం రాకుండా లోపల పెట్టే హార్మోన్ లూప్ ఏళ్ల తరబడి చిటికెడు చిటికెడు మందు వదుల్తూ ఉంటుంది. మూత్రనాళం ఇరుకైతే వెడల్పు చేసే బెలూన్‌కి పాక్లిటాక్సెల్ అనే మందు పూసినదాన్ని 2021 చివర్లో అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అన్నిటికంటే దగ్గరిది, బ్లాడర్ క్యాన్సర్‌లో ఒక రకానికి జెమ్‌సైటబిన్ మందు నింపిన చిన్న మెలిక గొట్టం, టార్ 200 అని పిలిచేవారు, దాన్ని మూత్రనాళం గుండా లోపల పెడితే అక్కడే చుట్టుకుని మూడు వారాలు మెల్లగా మందు వదుల్తుంది, 2025 సెప్టెంబరులో దానికీ అనుమతి వచ్చింది. నేను చదివి ఆశ్చర్యపోయింది ఏంటంటే ఆ గొట్టం దారి మొదట్లో నొప్పి కోసమే వేసింది. అదే పద్ధతిలో లిడోకెయిన్ అనే మొద్దుబార్చే మందు నింపి, బ్లాడర్ నొప్పి జబ్బు ఉన్న ఆడవాళ్లలో పెట్టి చూసిన తొలి ఫలితాలు 2012లోనే అచ్చయ్యాయి. క్యాన్సర్ గొట్టం మార్కెట్లోకి వచ్చేసింది. నొప్పి గొట్టం ఇంకా రాలేదు. క్యాన్సర్ ముందు రావద్దని ఎవరంటారు, కానీ వరసలో నొప్పి ఎప్పుడూ వెనకే ఎందుకు నిలబడుతుందో అని మాత్రం అనిపించింది.

కాథెటర్ దగ్గరికొస్తే పని అంత తేలిక కాదు, అది కూడా ఒప్పుకోవాలి, లేకపోతే రేపు ఎవరో నొప్పిలేని పైపు వచ్చేసింది అంటే మనం నమ్మేస్తాం. సిలికాన్‌కి ఒక మంచి గుణం ఉంది, కొన్ని చిన్న అణువులు దాంట్లోంచి మెల్లగా ఊరుతూ బయటికి వస్తాయి. అందుకని మందుని సిలికాన్‌లోనే కలిపి పోత పోయొచ్చు, లేదా పైన కరిగిపోయే పాలిమర్ పొర వేసి ఆ పొరలో పెట్టొచ్చు, లేదా బెలూన్‌లో ఉత్త నీళ్ల బదులు మందు నింపితే అది గోడలోంచి ఊరుతుంది. ఈ చివరిది నాకు బాగా నచ్చింది, ఎలాగూ బెలూన్‌లో పది ఎంఎల్ నీళ్లు ఖాళీగా కూర్చుంటాయి కదా. కార్డిఫ్ యూనివర్సిటీలో స్టిక్లర్ అనే ప్రొఫెసర్ బృందం ట్రైక్లోసాన్ అనే క్రిమినాశక మందుతో ఇలాగే చేసి, పైపుకి సున్నం పేరుకుని మూసుకుపోయేలా చేసే ప్రోటియస్ బ్యాక్టీరియాని ల్యాబ్‌లో అడ్డుకున్నారు. అది ఇన్ఫెక్షన్ కోసం, నొప్పి కోసం కాదు, అయినా దారి చూపించారు.

చిక్కులు ఎక్కడంటే, పూత పూసిన మందు చాలాసార్లు మొదట్లోనే భళ్లున చాలావరకు వచ్చేస్తుంది, తర్వాత చుక్క చుక్క, ఆ తర్వాత ఏమీ లేదు, నొప్పి మాత్రం పదో రోజు కూడా ఉంటుంది. పైగా యూరిన్ ఎప్పటికప్పుడు కడిగేస్తూ ఉంటుంది. బ్లాడర్ లోపలి పొర మన ఒంట్లో ఉన్న అతి గట్టి గోడల్లో ఒకటి, యూరిన్‌లోని చెత్త తిరిగి రక్తంలోకి పోకుండా కాపలా కాసేదే అది, మరి ఆ కాపలావాడు మందుని మాత్రం ఎందుకు లోపలికి రానిస్తాడు. అలాగని ఎక్కువ లిడోకెయిన్ పెడితే, పుండు ఉన్నచోట్నుంచి రక్తంలోకి ఎక్కువగా పోతే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. ఇంకోటి కూడా ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ నాకు అదే భయం. నొప్పి అనేది ఒక్కోసారి కబురు కూడా. పైపు మూసుకుపోయి బ్లాడర్ ఉబ్బిపోతుంటే ఆ నొప్పే మనకి చెప్పేది. మొత్తం మొద్దుబార్చేస్తే ఎవరు చెప్తారు, బ్యాగులో యూరిన్ రావట్లేదని అర్ధరాత్రి ఎవరో ఒకరు చూడాలి. కాబట్టి పోటు తగ్గాలి, కబురు తెలియాలి, ఆ మోతాదు దొరకడమే అసలు పని.

మూత్రపిండం నుంచి బ్లాడర్‌కి వేసే స్టెంట్లలో ఈ ప్రయోగం నిజంగానే చేసి చూశారు. కీటోరోలాక్ అనే నొప్పి మందు నింపిన స్టెంట్లు 276 మందిలో పెట్టి 2010లో ఫలితం అచ్చేశారు. ముందుగా పెట్టుకున్న లెక్క ప్రకారం మామూలు స్టెంట్‌కీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ల్యాబ్‌లో బాగున్నది మనిషి దగ్గరికొచ్చేసరికి ఇలా అయ్యింది. అయినా ఆ పరీక్ష నాకు నచ్చింది, ఎందుకంటే వాళ్లు కనీసం నొప్పినే కొలవడానికి వెళ్లారు.

కాథెటర్ల విషయంలో పెద్ద పెద్ద పరీక్షలు జరిగాయి, కానీ దేనికోసం జరిగాయో చూడండి. బ్రిటన్‌లో 24 ఆస్పత్రుల్లో ఏడు వేల మందికి పైగా పేషెంట్లతో ఒక పరీక్ష చేసి 2012లో ప్రకటించారు. వెండి పూసిన పైపు, నైట్రోఫ్యూరల్ అనే యాంటీబయోటిక్ పట్టించిన పైపు, మామూలు పైపు, ఈ మూడిట్లో ఎవరికి ఇన్ఫెక్షన్ తక్కువ అని. మామూలు దానికి 12.6 శాతం, వెండి దానికి 12.5, మందు దానికి 10.6. అంటే వెండితో ఒరిగింది ఏమీ లేదు, మందు పైపుతో వచ్చిన తేడా కూడా వాడి తీరాలి అనేంత లేదు అని తేల్చారు. మందు పైపు పెట్టించుకున్నవాళ్లకి అసౌకర్యం మాత్రం ఇంకా ఎక్కువైంది. మందు వదిలే పరికరమే, ఇన్ఫెక్షన్ కోసం చేశారు, ఒంటికి మంట తెచ్చిపెట్టింది. మనం కొలిచేదాన్ని బట్టే వస్తువు తయారవుతుంది మరి.

నేను ఇలా అంటుంటే ఇన్ఫెక్షన్ చిన్న విషయమా అని మీకు అనిపించొచ్చు. కాదండీ, పైపు నెల రోజులుంటే దాదాపు అందరి యూరిన్‌లోనూ బ్యాక్టీరియా చేరుతుంది, కొందరికి రక్తంలోకి కూడా పాకుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. కానీ లెక్క చూడండి. అమెరికాలో పైపు పెట్టిన 2,076 మందిని నెలపాటు మళ్లీ మళ్లీ అడిగి 2018లో అచ్చేసిన స్టడీ ఉంది, అందులో ఇన్ఫెక్షన్ ఇబ్బంది వచ్చింది 10.5 శాతం మందికి. నొప్పి, ఆగకుండా ఒకటికి రావడం, రక్తం, లీకవడం లాంటివి వచ్చింది 55.4 శాతం మందికి. ఐదింతలు. అంతకుముందు 1999లో ఒక ఆస్పత్రిలో పైపు ఉన్న మగవాళ్లని అడిగితే 48 శాతం నొప్పిగా ఉందన్నారు, 61 శాతం మా రోజువారీ పనులకి ఇది అడ్డం అన్నారు. ఆ పరిశోధన చేసిన డాక్టర్లే తర్వాత కాథెటర్‌ని రోగిని ఒకేచోట మంచానికి కట్టేసే తాడుతో పోల్చారు. నాన్నగారు రాడ్డు పట్టుకున్న చెయ్యి చూశాక నాకా పోలిక ఎక్కువ అనిపించలేదు.

అసలు వంగే పైపు కోసం వెతికింది కూడా బాధ చూడలేకే. 1752లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, అదే అమెరికా ఫ్రాంక్లిన్, రాళ్లతో బాధపడుతున్న అన్నగారి కోసం వంగే వెండి కాథెటర్ ఒకటి కంసాలి దగ్గర కూర్చుని చేయించాడు, గట్టి గొట్టంతో ఆయన పడే అవస్థ చూసి. ఇప్పుడు మనం వాడే బెలూను పైపు 1930ల్లో ఫోలీ అనే యూరాలజిస్టు పేరు మీద వచ్చింది. రబ్బరు పోయి సిలికాన్ వచ్చింది, పైన జారుడు పూతలు వచ్చాయి, కానీ లోపల బెలూను కూర్చునే చోటు అదే, కండరం కోప్పడే తీరు అదే.

కాబట్టి పరిశోధన చేసేవాళ్లకి ఒక పేషెంటు కూతురిగా నేను అడిగేది పెద్దదేం కాదు. పైపు మొత్తానికి మందు పూయక్కర్లేదు, బెలూను దగ్గరా, బ్లాడర్ మెడకి తగిలే చోటా ఉంటే చాలు. మూడు నెలలు పనిచేయక్కర్లేదు, చాలామందికి పైపు ఉండేది కొద్ది రోజులే, ఆ మొదటి మూడు నాలుగు రోజులు కుదుటగా ఉంటే అదే పదివేలు. పరీక్ష చేసేటప్పుడు మత్తు వదిలిన మొదటి గంటలో, ఆ రాత్రి, మూడో రోజు, తీసేటప్పుడు ఎలా ఉందో పేషెంటునే అడగండి, పక్కనున్నవాళ్లని కాదు. నాలాంటివాళ్లని అడిగితే నాన్నగారు చెప్పినట్టే బానే ఉంది అని చెప్తాం.

ఈలోపు చేతిలో ఉన్నవి చేస్తే చాలు, అవీ జరగట్లేదు. పనికొచ్చే వాటిల్లో సన్న సైజు వేయడం, లిడోకెయిన్ జెల్ పెట్టాక అది మొద్దుబార్చడానికి నాలుగైదు నిమిషాలు ఆగడం (ఆగరండీ, హడావుడి), పైపుని తొడకి కొంచెం వదులుగా టేపు వేసి కదలకుండా పెట్టడం. మా దగ్గర ఆ టేపు ఊడిపోయి ఒకసారి బ్యాగు స్టాండుకి చిక్కుకుని నాన్నగారు పక్కకి తిరిగారు, ఆ కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆ తర్వాత టేపు నేనే వేయడం నేర్చుకున్నాను, ఒక సిస్టర్ చూపించింది, తొడ మీద వెంట్రుకలు లేనిచోట, కాలు చాపినా లాగకుండా కొంచెం వంపు వదిలి. రెండు నిమిషాల పని. దాంతో సగం బాధ తగ్గిందంటే మీరు నమ్మరు.

మీకు చిన్న రిక్వెస్టు. ఎక్కడో ల్యాబ్‌లో కొత్త కాథెటర్ కనిపెట్టారని వార్త వస్తూనే ఉంటుంది, ఈసారి వేసేటప్పుడు అది మనుషుల్లో పెట్టి చూశారా ఎలుకల్లోనా, నొప్పి కొలిచారా బ్యాక్టీరియానే కొలిచారా, మందు ఎన్ని రోజులు వస్తుంది, ఈ మూడూ మీ రిపోర్టర్‌ని అడిగి రాయమనండి. ఆ మూడు ముక్కలుంటే చదివేవాళ్లకి ఎంత ఆశపడాలో తెలుస్తుంది.

ఉత్తరం వేస్తే నా పేరూ ఊరూ వేయొద్దు. పైపు తీసేసిన రోజు నాన్నగారు బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు, మేం ముగ్గురం బయట చెవులు తలుపుకి ఆనించి నిలబడ్డాం, ధార శబ్దం వినపడగానే అమ్మ దణ్ణం పెట్టుకుంది, ఆయన బయటికొచ్చి "ఏంటి ఇక్కడ గుంపు" అని కసిరారు. అప్పట్నుంచి ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఆయన పొద్దున్నే మొదట చదివేది మీ ఉత్తరాల కాలమే.

ఇట్లు,
మీ పాఠకురాలు